ఐదో మెట్టు కింద

పోయినవి ముందు చెబుతాను. పద్నాలుగు ఇళ్లు. వాటి ముందు ముప్ఫై ఒక్క కర్ర స్తంభాలు, తొమ్మిది అరుగులు. రెండు గిలక బావులు. మూడో బావి కూడా ఉండి ఉండాలి, ఒక గోడ వెనక నుంచి గిలక కొయ్య కొస కనిపిస్తోంది. కానీ కనిపించనిదాన్ని నేను లెక్కలో వేయను. ఆరు కొబ్బరిచెట్లు. ఒక దీపస్తంభం. ఎద్దుల్ని విప్పేసి కాడి నేలకు ఆనించిన బండి ఒకటి. రెండు సైకిళ్లు. దండెం మీద ఆరేసిన చీరలు నాలుగు. మనుషులు ఇరవై ముగ్గురు, వాళ్లలో కదిలి మసకబారినవాళ్లు ఐదుగురు. ఒక కుక్క. అది కదలలేదు.

ఇవన్నీ నా అరచేతికన్నా కాస్త పెద్దదైన ఒక ఫొటోలో ఉన్నాయి. ఏలూరు వన్‌టౌన్‌లో, కాలవకు దగ్గరగా ఒకప్పుడు ఉన్న వీధి అది. ఇప్పుడు ఆ చోట నిలబడితే వీటిలో ఒక్కటి కూడా లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక వరస పోయింది. తరవాత మేడలు లేస్తూ ఉంటే రెండో వరస పోయింది. ఫొటోలో లేనిదీ, పోయినదీ ఇంకొకటి ఉంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఎన్ని ఇటుకలు పడతాయి, ఎంత ఇసుక, ఎన్ని బస్తాల సిమెంటు అని ముందే లెక్క వేసి కాగితం మీద రాసివ్వడం నా పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదో తరగతి తరవాత ఒక తాపీ మేస్త్రీ వెంట తిరిగాను. గోడ లేస్తున్నప్పుడు రోజూ సాయంత్రం ఇటుకలు లెక్కపెట్టి ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అలా రెండేళ్లు రాశాక, గోడ లేవకముందే దాని లెక్క నాకు కనిపించడం మొదలైంది. ఇప్పటికి ముప్ఫై ఏళ్లయింది. నా కాగితంలో రాసినదానికీ, చివరికి పట్టిన ఇటుకకూ పెద్ద తేడా ఎప్పుడూ రాలేదు. అందుకని నా లెక్క మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకం.

మా అమ్మ, పెద్దమ్మ పుట్టింది ఆ వీధిలోనే. మూల నుంచి నాలుగో ఇల్లు మా తాతయ్యది. ధాన్యం కొట్టు నడిపేవాడు. అక్కచెల్లెళ్లకు పన్నెండేళ్ల తేడా. పెద్దమ్మకు పద్నాలుగో ఏట పెళ్లయి కొల్లేటి ఒడ్డున ఒక ఊరికి కాపురానికి వెళ్లింది. అప్పటికి అమ్మకు రెండేళ్లు. అమ్మకు పన్నెండేళ్లు వచ్చాక తాతయ్య ఆ ఇల్లు అమ్మేసి తాడేపల్లిగూడెం వచ్చేశాడు. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఒకరి తరవాత ఒకరు పెరిగారు, కలిసి పెరగలేదు. ఈ సంగతి నాకు ఎప్పుడూ తెలుసు. తెలిసి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వాళ్లిద్దరి మధ్యా ఒక పాత పోట్లాట ఉండేది. పెద్దమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా, అన్నాలయ్యాక, చాప మీద నడుం వాల్చి పుట్టింటి గురించి చెప్పేది.

"ఏడు మెట్లెక్కితే అరుగు" అనేది.

"ఐదే అక్కా" అనేది అమ్మ, పక్కకు తిరగకుండానే.

"ఏడు. రోజుకి పదిసార్లు గెంతిన మెట్లు నాకు తెలియవా?"

"నేను మాత్రం ఆ ఇంట్లోకి నిచ్చెనేసుకుని ఎక్కానా? ఐదు."

"నేను వెళ్లేసరికి నీకు పళ్లే సరిగ్గా రాలేదు. నువ్వు లెక్కలు చెబుతున్నావు."

"పళ్లొచ్చాకే లెక్కపెట్టాను. ఐదు."

మేం పిల్లలం నవ్వేవాళ్లం. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో. ఎవరూ తగ్గేవాళ్లు కాదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. పదకొండో రోజు భోజనాలు అయ్యాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంక నన్ను కాదనేవాళ్లు లేరురా" అంది. గెలిచినట్టు అనలేదు.

ఆవిడకిప్పుడు ఎనభై నాలుగు. గుండుగొలనులో కూతురి దగ్గర ఉంటోంది. ఆ కూతురు నాకు అక్క. రెండేళ్ల కిందట ఒకసారి నేను వెళ్లినప్పుడు పెద్దమ్మ అడిగింది.

"నువ్వు ఏలూరు వెళుతూ ఉంటావు కదా. మా వీధి ఫొటో ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడరా. మీ అమ్మకి చూపించలేకపోయాను. నీకైనా చూపిస్తాను, ఏడు మెట్లు. గుమ్మానికి ఇటు రెండు దీపపు గూళ్లు, అటు ఒకటి. ఆ గూళ్లను బట్టి గుర్తుపట్టు."

ఆ వీధి మూలన ఉన్న పాత మేడ ఒక్కటే ఇంకా నిలబడి ఉంది. కింద ఫొటో స్టూడియో. రోడ్డు మీంచి రెండు మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. యజమానికి డెబ్బై దాటాయి. ఆయన తండ్రీ, తాతా కూడా ఫొటోలు తీసినవాళ్లే.

"చూసి దిగండి" అన్నారాయన. "వానొస్తే ఈ రోడ్డు మీద నీళ్లన్నీ మా ఇంటికి చుట్టాలొచ్చినట్టు వస్తాయండి. వెళ్లమంటే వెళ్లవు."

నేను నవ్వుతూ దిగాను. ఒక ఇంట్లోకి ఎక్కాల్సింది పోయి దిగుతున్నానే అని నాకు అనిపించలేదు. ఇళ్ల లెక్కలు వేసేవాడికి కదా ముందు అది తట్టాల్సింది.

ఆయన ఒక రేకు పెట్టె తీసి నా ముందు పెట్టారు. కాలవలో ధాన్యం పడవలు, పెళ్లి పల్లకీలు, వంతెన రెయిలింగ్ దగ్గర వరసగా నిలబడ్డ మగవాళ్లు. అట్టడుగున ఈ ఫొటో. ఆయన తండ్రి కొత్త కెమెరా కొన్నప్పుడు, ఎలా వస్తుందో చూద్దామని, పైన కిటికీలోంచి వీధి వైపు పెట్టి తీశారట. ఎవరి కోసమూ తీసింది కాదు. అందుకే అందులో ఎవరూ ఫొటోకు నిలబడినట్టు నిలబడలేదు.

"ఎన్ని కాపీలు కావాలండీ?" అని అడిగారు.

"ముందు చూడనివ్వండి" అన్నాను.

మూడు గంటలు చూశాను. ఆయన రెండుసార్లు టీ తెప్పించారు. భూతద్దం పెట్టి చూస్తే ఒక అంగుళంలో ఒక ఇల్లు పట్టింది, ఆ ఇంట్లో ఒక కిటికీ, ఆ కిటికీ చువ్వల మధ్య ఒక ఆడమనిషి ముంజేయి, ఆ చేతికి గాజులు. గాజులు లెక్కపెట్టబోయి ఆగిపోయాను. ఎవరో ఆవిడ ఆ పూట కిటికీ చువ్వ పట్టుకుని బయటకు చూసింది. నేను పుట్టడానికి ముందు జరిగిన ఆ చూపు ఇంకా పూర్తి కానట్టే ఉంది. ముప్ఫై ఏళ్లుగా లేవబోయే గోడలు కనిపిస్తున్నాయని మురిసిపోయినవాణ్ణి, పడిపోయిన గోడలు ఇంత బాగా నిలబడి ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

తరవాత నా పని నేను మొదలుపెట్టాను. పాత గుమ్మాల ఎత్తు ఆరడుగులకు కాస్త తక్కువ ఉంటుంది, తల వంచి వెళ్లేలా. ఆ కొలతను పట్టుకుని స్కేలు పెట్టి కొలిస్తే దగ్గరున్న నాలుగు ఇళ్లూ వచ్చాయి. ఒక్కో ఇంటి ముఖం ఇరవై రెండు అడుగులు. వీధి పద్దెనిమిది. ఇవాళ్టి రోడ్డు మొత్తం వీధితో పాటు తూర్పు వరస ఇళ్లను మింగి కూర్చుందని తేలింది. మూల నుంచి నాలుగో ఇల్లు చూశాను. గుమ్మానికి ఇటు రెండు గూళ్లు, అటు ఒకటి. పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. మా తాతయ్య ఇల్లు నేను మొదటిసారి చూడటం అదే. అరుగు మీద చేట ఒకటి బోర్లించి ఉంది.

మెట్లు పక్క నుంచి బాగా కనిపిస్తున్నాయి. లెక్కపెట్టాను. మళ్లీ పైనుంచి కిందికి లెక్కపెట్టాను. మూడోసారి స్కేలు అంచు పెట్టి ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టాను.

ఐదు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. లెక్క నాకు అమ్మ నుంచే వచ్చిందని నా నమ్మకం. అమ్మ తప్పు చెప్పదు అనుకున్నాను.

ఆదివారం నాడు కాపీ తీసుకుని గుండుగొలను వెళ్లాను. పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఫొటోకు తగలకుండా వేలు పైపైన నడిపింది.

"ఇది గానుగ వాళ్లది. ఇది నాటువైద్యం చేసే ఆయనది, ఇంటి నిండా కషాయాల వాసన. ఇదిగో, ఇది మనది. గూళ్లు చూడు, ఇటు రెండు, అటు ఒకటి. చెప్పానా?"

"చెప్పావు."

"మెట్లు లెక్కపెట్టు మరి."

"లెక్కపెట్టాను పెద్దమ్మా. ఐదున్నాయి."

ఆవిడ నా వైపు చూడలేదు. తనే వేలితో మొదలుపెట్టింది, పైనుంచి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడ వేలు ఆగింది. ఆరో మెట్టు కోసం కాసేపు ఆ నేల మీదే తచ్చాడింది.

"పోనీలేవే అమ్మా" అంది అక్క, పక్కన కూర్చుంటూ. "డెబ్బై ఏళ్ల కిందటి మాట. ఎవరికి గుర్తుంటుంది?" నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఈమధ్య అన్నీ కలిసిపోతున్నాయిరా తమ్ముడూ. మొన్న మాత్ర వేసుకుని, వేసుకోలేదంది."

పెద్దమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. ఫొటో నా చేతికి ఇచ్చేసి, "అయితే ఐదేనేమోలే" అంది.

నలభై ఏళ్లు అమ్మతో తగ్గని మనిషి, నాతో ఒక్క మాటకు తగ్గింది. ఆ సాయంత్రం బస్సులో వస్తూ కూడా నాకు అది సరిగ్గా అర్థం కాలేదు. నాది సరైన లెక్క అనుకుంటూనే వచ్చాను.

అర్థమైంది ఎండాకాలంలో. అక్క ఆవకాయ పెడుతున్న రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ ఇంట్లో ఊరగాయ ఏది పెట్టినా ఉప్పు పెద్దమ్మ చెప్పాలి. తూకం వేసేది లేదు, కాయ చూసి చెప్పేది. ఆ రోజు అక్క కాయలు కొట్టించి తెచ్చి, ఆవపిండీ కారమూ కలిపి, ఎప్పటిలాగే అడిగింది.

"ఉప్పెంతే అమ్మా?"

పెద్దమ్మ జాడీ మూతకు కట్టే గుడ్డను మడతపెడుతోంది. "నాకేం తెలుసమ్మా. ఆ ఫోనులో చూసుకో" అంది.

అక్క ఏదో పనిలో ఉండి ఫోనులోనే చూసుకుంది. నేను మాత్రం ఆ గుడ్డ మడతలనే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. మెట్ల దగ్గర పోయిన నమ్మకం ఉప్పు దాకా వచ్చింది. తన బుర్రలో ఉన్నదేదీ ఇంక నిజం కాదేమోనని ఆవిడ అనుకుంటోంది. అలా అనుకునేలా చేసింది నా భూతద్దం.

ఏం చేయాలో నాకు తెలియలేదు. ఐదును ఏడు చేయలేను కదా.

వానలు వెనకబట్టాక గూడెంలో ఒక ఇంటి పని నడుస్తోంది. కాగితం నాదే. ముందు గుమ్మానికి ఐదు మెట్లు రాశాను. నేను వెళ్లేసరికి మెట్లు కట్టడం అయిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ చేతికర్రతో ఒక్కో మెట్టునూ తడుతూ కింద నుంచి లెక్కపెడుతోంది.

"ఇంద్రుడు, యముడు, రాజు. ఇంద్రుడు, యముడు." కర్ర అక్కడ ఆపేసి మేస్త్రీ వైపు చూసింది. "ఏవండీ, యముణ్ణి తీసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టారేంటండీ?"

"కాగితంలో ఐదే ఉన్నాయండి" అన్నాడు మేస్త్రీ. "అదిగో, రాసినాయనే వచ్చారు. అడగండి."

"కాగితాలు రాసే ఆయన ఈ ఇంట్లో ఉంటారాండీ? ఉండేది మేం కదా."

మా వైపు ఇళ్లు కట్టే పాతవాళ్లందరికీ తెలిసిన లెక్కే అది. మొదటి మెట్టు ఇంద్రుడు, రెండోది యముడు, మూడోది రాజు. మళ్లీ ఇంద్రుడి నుంచి. ఆఖరి మెట్టు ఇంద్రుడి మీద ఆగవచ్చు, రాజు మీద ఆగవచ్చు, యముడి మీద ఆగకూడదు. అంటే రెండు మెట్లు పనికిరావు, ఐదు పనికిరావు, ఎనిమిది పనికిరావు. నాకు ఇలాంటివాటి మీద పట్టింపు లేదు. ఎత్తును బట్టి మెట్లు వస్తాయి, అంతే. అడిగినవాళ్లకు మారుస్తాను, అడగకపోతే ఊరుకుంటాను. ఈసారి కాగితం రాసినప్పుడు ఎవరూ అడగలేదు.

మేస్త్రీ గొణుక్కుంటూ, ఉన్న ఐదింటినీ కదపకుండా, వాటి అడుగున ఇంకో పొట్టి మెట్టు కట్టడం మొదలుపెట్టాడు. ఇటుక మీద ఇటుక పెడుతున్నాడు. నేను నిలబడి చూస్తున్నాను. ఐదో మెట్టు కింద ఆరో మెట్టు.

అప్పుడు తట్టింది. మా తాతయ్య ఐదు మెట్లు ఎలా కట్టిస్తాడు? వర్జ్యం చూడకుండా ధాన్యం బండి కూడా కదిలించని మనిషి అని అమ్మ చెప్పేది. నేను నమ్మక్కర్లేదు. కట్టించినవాళ్లు నమ్మారు, అది చాలు.

మర్నాడు పొద్దున్నే పాసింజరు ఎక్కి ఏలూరు వెళ్లాను. స్టూడియో ఇంకా తెరవలేదు. తెరిచాక పెట్టె తీయించి, ఈసారి మా ఇంటిని వదిలేసి మిగతా ఇళ్లు చూశాను. జనమూ, బండీ, అరుగులూ అడ్డం లేకుండా మెట్లు చివరిదాకా కనిపించేవి, మాది కాకుండా, మూడిళ్లవే. ఒకదానికి రెండు మెట్లు. ఒకదానికి ఐదు. ఇంకోదానికి రెండు.

కాగితం మీద రాసుకున్నాను. రెండు, ఐదు, రెండు, మాది ఐదు. నాలుగిళ్లూ యముడి మీదే ఆగాయి.

ఒక ఇంటివాడు పొరపాటు చేశాడంటే నమ్మవచ్చు. వీధిలో కనిపించే ప్రతి ఇల్లూ ఒకే పొరపాటు చేయదు. ఇళ్లు తప్పు కాదు. నేలే పైకి లేచింది.

పెన్ను కింద పెట్టేశాను. ఆ ఫొటోలో నేను చూస్తున్న నేల అసలు నేల కాదు. ఆ బండి, ఆ కుక్క, ఆ ఇరవై ముగ్గురు మనుషులు, అందరూ ఒక పూడిపోయిన వీధి మీద నిలబడి ఉన్నారు, వాళ్లకు ఆ ధ్యాసే లేకుండా. పోయిన వీధి ఒక్కటే అనుకున్నాను. దాని కింద ఇంకో వీధి ఉంది. దాన్ని ఏ కెమెరా చూడలేదు.

"ఏమైందండీ?" అన్నారు స్టూడియో ఆయన. "మంచినీళ్లు తెమ్మంటారా?"

"మీ గుమ్మానికి దిగాలి కదండీ. మొదట్నుంచీ అంతేనా?"

"ఎందుకుంటుందండీ? మా నాన్నగారి చిన్నప్పుడు ఎక్కి వచ్చేవారట. రోడ్డు వేసినప్పుడల్లా వీధి లేచింది, మేం ఉన్నచోటే ఉన్నాం."

"ఎన్ని మెట్లెక్కేవారండీ?"

"మూడో నాలుగో అనేవారండీ."

నాకు నవ్వొచ్చింది. నా కాగితం మీద కూడా సరిగ్గా అదే వచ్చింది. ఒక మెట్టు పూడిందనుకుంటే రెండు అసలు మూడు, ఐదు అసలు ఆరు. అందరూ రాజు మీద ఆగారు. రెండు మెట్లు పూడాయనుకుంటే రెండు అసలు నాలుగు, ఐదు అసలు ఏడు. అందరూ ఇంద్రుడి మీద ఆగారు. రెండూ కుదురుతాయి. మూడు పూడితే మళ్లీ యముడే. నాలుగు పూడాయంటే మా ఇంటికి తొమ్మిది మెట్లుండాలి, అన్ని ఉన్నాయని పెద్దమ్మ కూడా అనలేదు. ఏమీ పూడలేదనడం మాత్రం కుదరదు.

ఎలా పూడిందో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మకు మూడేళ్లప్పుడు తమ్మిలేరు పొంగి ఊళ్లోకి వచ్చింది. అమ్మను అటక ఎక్కించి కూర్చోబెట్టారట. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు, పది రోజులు తట్టలతో ఎత్తి పోశారట. ఈ కథ నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఎత్తి ఎక్కడ పోశారని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకెక్కడ పోస్తారు, వీధిలోనే. పద్నాలుగిళ్ల వాళ్లూ వీధిలోనే పోశారు. ఆ మట్టిని అలాగే తొక్కించి దాని మీద కంకర పరిచారు. పెద్దమ్మ అప్పటికే కొల్లేటి ఒడ్డుకు వెళ్లిపోయింది.

బయటికి వచ్చాను. రెండు మెట్లెక్కి రోడ్డు మీద నిలబడ్డాను. మూల నుంచి అడుగులు వేసుకుంటూ నాలుగో ఇంటి దాకా నడిచాను. నా కొలత ప్రకారం డివైడర్ ఉన్నచోట తాతయ్య ఇంటి అరుగు, దానికి ఇవతల, ఆటోలు వెళ్లే చోట, మెట్లు. చెప్పుల దుకాణం అబ్బాయి నన్ను వింతగా చూస్తున్నాడు. ఎన్ని తార్లు, ఎన్ని కంకరలు, దాని కింద ఎంత ఒండ్రు, దాని కింద మా పెద్దమ్మ గెంతిన రాయి. గోడలు పడగొట్టినవాళ్లు కూడా అంత కిందికి వెళ్లి ఉండరు. ఆ అడుగు మెట్లు ఇంకా అక్కడే ఉండి ఉండాలి. నేను చెప్పులు విడిచి ఒక్క నిమిషం అలా నిలబడ్డాను. ఒక ఆటో ఆయన హారన్ కొట్టి, "పక్కకి రండి బాబాయ్, గుళ్లో ఉన్నారా" అన్నాడు.

గుండుగొలను వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన అక్క గిన్నెలో ఉసిరికాయలు తుడుస్తోంది. ఫొటో, కాగితం రెండూ ముందు పెట్టి, మొదటి నుంచీ చెప్పాను. ఇంద్రుడు, యముడు అనేసరికి పెద్దమ్మ పెదాలు కదిలాయి. వేలు మంచం పట్టె మీద కొట్టుకుంటూ వెళ్లింది.

"ఇంద్ర, యమ, రాజు. ఇంద్ర, యమ, రాజు. ఇంద్ర." ఏడో దెబ్బ దగ్గర ఆగింది. "అలా అనుకుంటూనే గెంతేవాళ్లం. ఇంద్ర అంటే అరుగు మీద ఉండాలి. యమ దగ్గర కాలు జారితే ఆట పోయినట్టు."

"కాన్పుకి పుట్టింటికి వెళ్లావు కదే అమ్మా" అంది అక్క. "వరద అయ్యాకే కదా నేను పుట్టింది. అప్పుడు చూడలేదా?"

"ఎక్కడ చూస్తానే? కడుపులో నువ్వున్నావు. పొట్ట అడ్డం, నా కాళ్లే నాకు కనపడలేదు, మెట్లు కనపడతాయా? పట్టుకుని ఎక్కించారు, ఎక్కాను. ఆ తరవాత ఎప్పుడెళ్లినా చంకలో పిల్లలే, మెట్లు లెక్కపెట్టే తీరికెక్కడిది?"

అక్క నవ్వింది. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో అలా నవ్వడం విన్నాను.

"అయితే చెల్లి చెప్పింది నిజమే" అంది పెద్దమ్మ. "అది పుట్టి బుద్ధెరిగేసరికి ఐదే ఉన్నాయి. నేనూ నిజమే చెప్పాను. నలభై ఏళ్లు ఊరికే కొట్టుకున్నాం." ఫొటోలో ఇంటిని ఈసారి వేలితో తాకింది. "దానికెవరు చెబుతారు ఇప్పుడు?"

నేను కాగితం మడతపెట్టబోయాను.

"సరే" అంది. "ఏడని ఒప్పుకున్నావు కదా."

"ఐదు కాదని ఒప్పుకున్నాను పెద్దమ్మా. ఆరైనా కుదురుతుంది, ఏడైనా కుదురుతుంది."

"ఆరో ఏడో ఏంట్రా? ఏడు."

"నా లెక్కలో ఆరు కూడా సరిపోతోంది."

"నీ లెక్కకి సరిపోతే చాలా? నా కాళ్లకి సరిపోవాలి కదా."

ఏడని అనేయవచ్చు. ఎనభై నాలుగేళ్ల మనిషి, నోరు తెరిచి అడుగుతోంది. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు ఆవిడకు చెబితే, మొదటిసారి చేసిన తప్పే రెండోసారి చేసినట్టు. అప్పుడూ నాకు తెలిసిందనుకునే చెప్పాను.

"తేల్చి చెబుతాను" అన్నాను.

"తొందరగా తేల్చు. నాకు నీకున్నంత తీరిక లేదు."

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిన అక్క వంటింట్లోంచి కేకేసింది. "అమ్మా, ఉసిరికాయకి ఉప్పెంత?"

"మూడు గుప్పిళ్లు" అంది పెద్దమ్మ, తల తిప్పకుండానే. "నా గుప్పిలి. నీది కాదు. ఉండు, వస్తున్నాను."

అప్పటి నుంచి రోడ్డు ఎక్కడ తవ్వినా స్టూడియో ఆయన నాకు ఫోన్ చేస్తారు. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మంచినీళ్ల పైపు కోసం అడుగున్నర తవ్వారు. తారు, కంకర, మళ్లీ తారు, మళ్లీ కంకర, అంతే. రెండోసారి ఇంకాస్త లోతుకు వెళ్లారు. కంకర పొరలన్నీ దాటాక అడుగున మెత్తగా, నల్లగా ఒండ్రు తగిలింది. కిందికి వంగి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాను. మా అమ్మ అటక మీద కూర్చున్నప్పుడు మా ఇంట్లోంచి ఎత్తిపోసిన మట్టి ఇందులో ఎంతుందో ఏ లెక్కకూ అందదు. ఇంకొంచెం తవ్వుతారేమోనని అడిగాను. "ఇంతకన్నా మాకు చెప్పలేదండి" అన్నాడు తవ్వే అతను. సాయంత్రానికి పైపు వేసి పూడ్చేశారు.

నోటు పుస్తకంలో ఆ ఇంటికి ఒక పేజీ ఉంది. ఇంటి ముఖం ఇరవై రెండు అడుగులు, దీపపు గూళ్లు మూడు, స్తంభాలు రెండు. మెట్లు అన్నచోట ఖాళీ వదిలాను. పెద్దమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "తేలిందా?" అని అడుగుతుంది. తేలలేదంటాను. "ఏడురా" అంటుంది. ఆవిడది ఏడు, నాది ఆరో ఏడో. తేడా ఒక్క మెట్టు. ఆ ఒక్కటీ నేనింకా ఆవిడకు బాకీ.